రెండు పాయింట్లు

చిలకమ్మ పని చేస్తున్న బిల్డింగుకి బంగారం ఇస్తారట. ఈ మాట మొదట అన్నది కొమ్మాది కాలనీలో చిలకమ్మ పక్కింటి తాయారు. తాయారుకి చెప్పింది ఆమె తోటికోడలు. తోటికోడలికి చెప్పింది ఆ బిల్డింగుకి ఇసుక తోలే లారీ డ్రైవరు. ఇన్ని నోళ్ళు దాటి వచ్చేసరికి ఆ బంగారం ఎంతన్నది మాత్రం ఎవరికీ తేలలేదు. తులాల్లెక్కన ఇస్తారా, బిస్కట్లుగా ఇస్తారా అని ఆదివారం సాయంత్రం కుళాయి దగ్గర బిందెలు నిండి పొర్లిపోయేదాకా వాదన జరిగిందట. “అదీ ఎందుకిత్తన్నారనుకున్నారు? ఆడకూలీలకి దొడ్డి కట్టించినందుకు! తెల్ల పలకలట, నీళ్ళ టాంకట, తలుపుకి లోపల గెడట! మా ఇంట్లోనే నేదమ్మా అలగ” అని తాయారు బుగ్గలు నొక్కుకుందట. “సిలకమ్మకేటి, మారాణీ నాగ ఎల్లొత్తంది” అని కూడా అందట. ఇదంతా సోమవారం పొద్దున్న బస్సులో, కడ్డీకి వేలాడుతూ, గంగాలమ్మ చెప్పింది.

చిలకమ్మ అన్నం క్యారేజీని ఒళ్ళో సర్దుకుంది.

“ఒలే గంగాలూ, ఆ తలుపుకి లోపల గెడుందని తాయారుకి తెలిసింది గాని నాకింకా తెల్దే. నానెప్పుడు సూసినా బయట తాళమే అగుపడతంది.”

గంగాలమ్మ పకపకా నవ్వింది. ఆమె తట్ట మోసే మనిషి. నెత్తి మీద బరువున్నా లేకపోయినా మెడ ఒకేలా నిలబెట్టి నవ్వుతుంది. “సిమెంటు ఆరనేదంట అప్పా. రాజుగారు సెప్పేడు.”

“దానికి నీళ్ళు పట్టింది నాను. అది ఎప్పుడారిందో నాకు తెల్దేటి?”

అవును మరి, చిలకమ్మ పనే అది. మధురవాడలో భీమిలి రోడ్డుకి ఎగువన, కొండని కోసి చదును చేసిన చోట ఐదంతస్తుల ఆఫీసు బిల్డింగు లేస్తోంది. నాలుగో స్లాబు వేసి మూడు రోజులైంది. సిమెంటు గట్టిపడేదాకా స్లాబు ఎండకూడదు. చిలకమ్మ స్లాబంతా చిటికెన వేలంత గట్లు వేసి, మడులు చేసి, మడి మడికీ రెండు వేళ్ళ లోతు నీళ్ళు నిలబెడుతుంది. చీపురుపల్లి అవతల వరిచేలో గట్లు వేసిన చేతులవి. మేస్త్రీలు వేస్తే వంకర పోతాయి, ఒక మూల నిండుతుంది, ఇంకో మూల పగుళ్ళు తీస్తుంది. ఆమె వేస్తే మేఘం కదిలినప్పుడు స్లాబు స్లాబంతా ఒక్కసారే కదిలినట్టుంటుంది. స్తంభాలకి గోనెలు చుట్టి, తాడు బిగించి, జ్వరం వచ్చిన పిల్లాడి నుదుటి గుడ్డ తడిపినట్టు గంటకోసారి తడుపుతుంది. ఎనిమిదింటి నుంచి ఐదున్నర దాకా చేతిలో నీళ్ళ పైపు ఉంటుంది. ఆమె మాత్రం గుక్కెడు తాగదు.

తాగితే ఎక్కడికి వెళ్ళాలి? పోయినేడు దాకా వెనక జీడితోట ఉండేది. దాన్ని కొట్టేసి ప్లాట్లు వేశారు. కుడివైపు అద్దాల బిల్డింగు లేచింది, దానికి అన్ని పక్కలా కిటికీలే. ఎడమవైపు రోడ్డు. మగాళ్ళకేముంది, గోడ కనిపిస్తే చాలు. ఇరవైరెండు మంది ఆడవాళ్ళు మాత్రం తెల్లారకముందు ఇంటి దగ్గర వెళ్ళివచ్చి, మళ్ళీ చీకటి పడేదాకా బిగబట్టుకోవాలి. అందుకని నీళ్ళు మానేశారు. ఎండలో పని, నీళ్ళు తాగకపోవడం. మూడు నెలలుగా చిలకమ్మకి పోసుకుంటే మంట. ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ మాత్రలిచ్చి, “రోజుకి పది గ్లాసుల నీళ్ళు తాగాలి, తాగుతున్నావా?” అని గదమాయించింది. “తాగుతాను” అంది చిలకమ్మ. కుర్చీలో కూర్చున్న మనిషికి నిజం చెప్పాలంటే చాలాసేపు పడుతుంది.

అందుకే సైటు మూల దొడ్డి లేస్తూంటే ఒక్కో ఇటుకా లెక్కపెట్టుకుంది. అడక్కుండానే దానికి రెండు పూటలా నీళ్ళు పట్టింది. ఆరు రోజుల కిందట తలుపు పెట్టారు. తలుపు పెట్టిన పూటే తాళమూ పెట్టారు.

ఆ సోమవారం పదకొండింటికి హైదరాబాదు నుంచి నీలిమ వచ్చింది. కూలీలు ఆమెకి గ్రీను మేడం అని పేరు పెట్టుకున్నారు. ఆమె ఎప్పుడూ ఆకుపచ్చ బట్టలు కట్టదేమిటా అని గంగాలమ్మకి అనుమానం. బూడిద ఇటుకలు వాడారా, వాన నీరు ఇంకడానికి గుంత తవ్వారా, కూలీలకి నీడ ఉందా, ఇలా ఒక్కోటీ చూసి ఫైల్లో రాసుకుంటుంది. అన్నీ సరిగ్గా ఉంటే గ్రీన్ బిల్డింగని సర్టిఫికేటు ఇస్తారు. దాంట్లో వెండి, బంగారం అని తరగతులున్నాయి. తాయారు చెప్పిన బంగారం ఇదే.

సూపర్‌వైజరు సన్యాసిరాజు ఆమె వెనకాలే గొడుగు పట్టుకుని తిరుగుతున్నాడు.

“అయితే మేడం, ఇది గవర్నమెంటు రూలేనా?”

“కాదండీ రాజుగారూ. ఎవరి బలవంతమూ లేదు. ఓనరుగారే ఇష్టపడి పెట్టుకున్నారు.”

“సెయ్యకపోతే ఫైనేస్తారా?”

“వెయ్యరు.”

“పని ఆపించేత్తారా?”

“ఆపరండీ. మనంతట మనం చేసుకునేదే.”

సన్యాసిరాజు గొడుగు ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. అతని ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఫైను లేని రూలు చూడలేదు. ఫైను లేకపోవడంతో దాన్ని ఎలా తప్పించుకోవాలో కూడా అతనికి పాలుపోవడం లేదు.

“ఇప్పుడు మనకి వెండి ఖాయం. ఇంకో రెండు పాయింట్లు కలిస్తే బంగారం. ఆ రెండు పాయింట్లూ ఇక్కడే ఉన్నాయి” అని నీలిమ దొడ్డి వైపు వేలు చూపింది.

సన్యాసిరాజు దొడ్డిని ఎగాదిగా చూశాడు. “ఇక్కడేనా?” అన్నాడు. అర్థం కాని చోట అతను ఎప్పుడూ తలే ఊపుతాడు. ఇప్పుడూ ఊపాడు.

ఫోటో కావాలంది నీలిమ. పక్కనే పైపు చుడుతున్న చిలకమ్మని రమ్మంది. తాళం తీశారు. లోపల తెల్ల పలకలు మిలమిలలాడుతున్నాయి. కొత్త కుళాయి, దాని కింద బకెట్టు, ఎర్ర మగ్గు. చిలకమ్మ తాను నీళ్ళు పట్టిన గోడల్ని లోపల్నుంచి మొదటిసారి చూసింది.

“లోపలికి వెళ్తున్నట్టు నడవండమ్మా. ఆఁ. ఇప్పుడు బయటికి వస్తున్నట్టు. కొంచెం నవ్వండి.”

ఫోటోల కోసం చిలకమ్మ మూడుసార్లు లోపలికి వెళ్ళింది, మూడుసార్లు నవ్వుకుంటూ బయటికొచ్చింది. మూడోసారి గడప మీద ఆగింది.

“అమ్మా, ఎలాగా వచ్చేను కదా. ఒక్క సిటం ఉండండి, నిజింగానే ఎల్లొచ్చేత్తాను.”

నీలిమ అప్పటికే కెమెరా సంచిలో పెట్టుకుని ఆఫీసు రేకుల షెడ్డు వైపు నడుస్తోంది. సన్యాసిరాజు చిలకమ్మ రెక్క పట్టుకున్నంత పని చేశాడు.

“రాయే బయటికి! ఫోటో అయిపోయింది. సిమెంటు ఇంకా పచ్చిగా ఉంది.”

“పదిరోజుల సిమెంటు బాబూ. ఏనుగెక్కినా ఏటీ అవదు.”

“నువ్వెక్కితే అవుద్ది” అని తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి ముడివేసుకున్నాడు.

వెళ్ళేముందు నీలిమ ఒక మంచి పని చేసింది. ఆఫీసు గోడ మీది తెల్ల బోర్డులో, అందరికీ అర్థం కావాలని, ఇంగ్లీషు మానేసి తెలుగులో గుండ్రంగా రాసిపెట్టింది.

*ఆడవాళ్ళ టాయిలెట్ – 2 పాయింట్లు. విశ్రాంతి షెడ్డు – 1 పాయింటు. సైకిల్ స్టాండు – 1 పాయింటు. వాననీటి గుంత – 3 పాయింట్లు. శుక్రవారం ఇన్‌స్పెక్షన్. ఈలోగా అన్నీ సిద్ధంగా ఉండాలి.*

మంగళవారం ఎలక్ట్రీషియను దొరబాబు ఆటోనగర్ నుంచి వైరు చుట్టలు భుజానేసుకుని వచ్చాడు. ఎలక్ట్రీషియన్ల భాషలో పాయింటంటే ఒక్కటే అర్థం. లైటుకి ఒక పాయింటు, ఫ్యానుకి ఒక పాయింటు, ప్లగ్గుకి ఒక పాయింటు. పాయింటు లెక్కన పని ఒప్పుకుంటారు, పాయింటు లెక్కన చేసి చూపిస్తారు. దొరబాబు బోర్డు ముందు నిలబడి, వేలితో ఒక్కో అక్షరం తడుముతూ రెండుసార్లు చదివాడు. డ్రమ్ములో నీళ్ళు పట్టుకుంటున్న చిలకమ్మకి అతని గొణుగుడు వినపడుతూనే ఉంది.

“దొడ్డికి రెండు. సరే, ఒకటి లైటు, ఒకటి ప్లగ్గు. షెడ్డుకి ఒకటి. సైకిలు స్టాండుకి ఒకటి... రాజుబావా, సైకిలుకి కరెంటేటి?”

“పెద్ద పెద్దోళ్ళ బిల్డింగు. మనకెందుకు? రాసింది రాసినట్టు సెయ్” అన్నాడు సన్యాసిరాజు, ఫోన్లోంచి తలెత్తకుండా.

“సేత్తాను గాని, వాన్నీటి గుంతకి మూడు పాయింట్లంటన్నారు. నీళ్ళల్లో కరెంటు ఎడితే మనుసులు సచ్చిపోతారు బావా.”

ఈసారి సన్యాసిరాజు తలెత్తాడు. గుంతకేసి చూశాడు, బోర్డుకేసి చూశాడు. మేడంకి ఫోను చేసి అడగొచ్చు. అడిగితే, నిన్న తల ఊపింది తెలియక ఊపినట్టవుతుంది.

“గుంతలో ఎట్టమన్నారేటి? పక్కన గుంజ పాతి ఎట్టు” అన్నాడు.

సాయంత్రానికి గుంత పక్కన ఒక గుంజ, దాని మీద చెక్క, చెక్క మీద మూడు స్విచ్చులు, వానకి తడవకుండా పైన ప్లాస్టిక్ డబ్బా మూత అమిరాయి. సైకిల్ స్టాండులో నిలబెట్టిన రెండు సైకిళ్ళ మధ్య ఒక ప్లగ్గు. దొడ్డిలో దీపం వెలిగింది. చిలకమ్మ తాళంచెవి అడిగింది.

“కరెంటు పని నడుస్తంది. షాకు కొడితే ఎవడిది జవాబు?”

బుధవారానికి కరెంటు పని అయిపోయింది. కాని కొత్త చిక్కు వచ్చింది. సైటు మొత్తానికి ఇదివరకు ఆఫీసులో ఒకే ఒక్క ప్లగ్గు ఉండేది, అది కంప్యూటరుకే చాలదు. కూలి మేస్త్రీలందరి చేతుల్లోకీ ఆ యేడే సెల్‌ఫోన్లు వచ్చాయి, చార్జింగుకి మాత్రం దారి లేదు. సైకిల్ స్టాండులో పెడితే ఎవడెత్తుకుపోతాడోనని భయం. దొడ్డి అయితే తలుపుంది, తాళముంది, లైటుంది, నేల మీద దుమ్ము లేదు. మధ్యాహ్నానికి మల్టీప్లగ్గు పెట్టి ఆరు ఫోన్లు, ఎర్ర మగ్గులో నిలబెట్టి సన్యాసిరాజు ఫోను, చార్జింగవుతున్నాయి.

“రాజుబాబూ, ఫోన్లు తీసి ఒక్కపాలి తాళం ఇయ్యండి” అంది చిలకమ్మ.

“ఫోన్లున్నాయి లోపల! నీళ్ళు పడితే? ఆరు ఫోన్లే!”

“ఆటికి దొడ్డి దొరికింది, మాకు నేదేటి?”

తట్ట దించుతున్న గంగాలమ్మ ఫక్కున నవ్వింది. “అప్పా, వొచ్చే జల్మలో ఫోనై పుట్టు. సల్లగా కూకోబెట్టి, కరెంటు తాగించి, తాళమేసి కాపలా కాత్తారు.”

మేస్త్రీలు కూడా నవ్వారు. చిలకమ్మ నవ్వలేదు. పైకి వెళ్ళి, నాలుగో స్లాబు మీద నీళ్ళ మడుల పక్కన కూర్చుని, పగిలిన పెదాలు పైటకొంగుతో ఒత్తుకుంది. పైపు చివర్నుంచి నీళ్ళు మడిలో పడుతున్న చప్పుడు వింటూంటే పొత్తికడుపు బిగిసింది. పైపుని గోనె మీదకి తిప్పింది. గోనె మీద పడితే చప్పుడుండదు.

గురువారం మధ్యాహ్నం సన్యాసిరాజు ఆమెని ఆఫీసులోకి పిలిచి స్టూలు మీద కూర్చోమన్నాడు. స్టూలు చూడగానే చిలకమ్మకి అనుమానం వచ్చింది. పనిలోంచి తీసేసేటప్పుడు తప్ప రాజుగారు ఎవరినీ కూర్చోమనడు.

“సిలకమ్మా, రేపు ఇన్‌స్పెక్షను. పెద్దాయన వస్తాడు, అర్జునరావుగారని. ఆడోళ్ళని అడుగుతాడంట. నువ్వు మాటకారివి, నిన్నే ముందుకి తోస్తాను. ‘ఏమ్మా, టాయిలెట్టు వాడుతున్నారా’ అంటాడు. నువ్వేటంటావు?”

“తాళం మీ మొలకి ఉందంటాను.”

“ఇదుగో, ఇదే వద్దంటన్నాను! ‘అందరం రోజూ వాడుతున్నాం సార్. చాలా శుభ్రంగా ఉంది సార్.’ అనూ.”

“అందరం రోజూ వాడతన్నాం సారు. శానా సుబ్రంగా ఉంది సారు.”

“శానా కాదు, చాలా.”

“సాలా.”

“పోనీ, శానాయే అను” అని, సన్యాసిరాజు ముందుకి వంగి గొంతు తగ్గించాడు. “ఓనరుగారితో మాటాడేను. బిల్డింగు అయిపోయేక నువ్వు ఎల్లిపోనక్కర్లేదు. ఇక్కడే స్వీపరు. నీడపట్టున పని, నెలజీతం, యూనిఫారం చీరలు రెండు. రేపు ఆ బంగారం వస్తేనే సుమా.”

చిలకమ్మ చేతులు చూసుకుంది. నీళ్ళలో నాని, సున్నం తిని, వేళ్ళ చివర్లు తెల్లగా ముడుతలు పడి ఉన్నాయి. నీడపట్టున పని. నాలుగంతస్తులు పైపు ఈడ్చుకుంటూ ఎక్కనక్కర్లేదు. రెండు ముక్కలు అబద్ధం. సోమవారం ఎలాగూ మూడుసార్లు నవ్వుతూ బయటికొచ్చింది, అదీ అబద్ధమే. అది ఊరికే చెప్పింది, దీనికి పనైనా దొరుకుతుంది.

“సెప్తాను” అంది. “మరి తాళం?”

“రెండింటికి వస్తాడు, మూడింటికి ఎల్లిపోతాడు. మూడూ అయిదుకి తాళంచెవి నీ సేతిలో ఎడతాను. ఇంక నీదే ఆ దొడ్డి, నువ్వే దానికి రాణీవి. ఒట్టు.”

ఆ ఒట్టుని నమ్ముకుని శుక్రవారం చిలకమ్మ ఒక సాహసం చేసింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక డ్రమ్ము దగ్గరికి వెళ్ళి, చెంబు ముంచి, తల వెనక్కి వాల్చి గటగటా తాగేసింది. మళ్ళీ ముంచింది. గంగాలమ్మ నోట్లో ముద్ద నోట్లోనే ఉంది.

“అప్పా, ఏటి సేత్తన్నావ్? పిచ్చెక్కిందేటి?”

“మూడింటికి తాళం వత్తాది.”

చల్లటి నీళ్ళు గొంతులోంచి గుండెల మీదుగా జారి కడుపులో పడుతూంటే, గోనె తడిసిన స్తంభం సంగతి అప్పుడు తెలిసొచ్చింది ఆమెకి. మూడో చెంబు కూడా తాగింది.

రెండింటికి అర్జునరావుగారు రాలేదు. రెండున్నరకీ రాలేదు. సన్యాసిరాజు ఫోన్లన్నీ ఏరి ఎవరివి వాళ్ళకిచ్చి, దొడ్డికి తాళం వేసి, గేటు దగ్గర దండ పట్టుకుని నిలబడ్డాడు. మూడుంపావుకి కారొచ్చింది. నీలిమ దిగింది. ఆమె వెనకే, టోపీ పెట్టుకున్న బక్కపల్చటి పెద్దాయన దిగాడు. రిటైరైన ఇంజనీరు, చేతిలో కొలత టేపు. ఆ టేపు చూడగానే చిలకమ్మ ప్రాణం ఉసూరుమంది. టేపున్న మనిషి తొందరగా వెళ్ళడు.

ఆయన ప్రతీదీ కొలిచాడు. ఇటుక చేత్తో పట్టుకుని గోటితో గీకి చూశాడు. నాలుగంతస్తులూ నడిచే ఎక్కాడు. స్లాబు మీద నీళ్ళ మడులు చూసి ఆగిపోయాడు.

“ఈ గట్లు ఎవరు వేశారు?”

“నానే బాబూ” అంది చిలకమ్మ, ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదికి బరువు మార్చుకుంటూ.

“నలభై ఏళ్ళ సర్వీసులో ఇంత చక్కటి పని చూడలేదమ్మా. ఏదీ, పైపు పెట్టి ఒక మడి నింపి చూపించు.”

చిలకమ్మ పైపు పెట్టింది. నీళ్ళు బుడబుడమని పడ్డాయి. ఆమె పళ్ళు బిగపట్టి సముద్రం వైపు చూసింది. అక్కడా నీళ్ళే. గంగాలమ్మ వెనక నుంచి చెవిలో “అప్పా, అటు సూడకు” అంది.

కిందికి దిగేసరికి నాలుగైంది. వాననీటి గుంత దగ్గర అర్జునరావుగారు గుంజ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

“ఇదేమిటి?”

“పాయింట్లు సార్” అన్నాడు సన్యాసిరాజు గర్వంగా. “మూడు. లెక్క చూసుకోండి.”

ఆయన నీలిమ వైపు చూశాడు. నీలిమ గుంజ వైపు చూసింది. సైకిల్ స్టాండు దగ్గర ప్లగ్గు చూశాక నీలిమ చెవులు ఎర్రబడ్డాయి. ఆమె రెండడుగులు వెనకబడి ఆఫీసు తలుపులోంచి తెల్ల బోర్డుని చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అందరూ దొడ్డి ముందుకి చేరారు. ఆడకూలీలు వరసగా నిలబడ్డారు. అందరికన్నా ముందు చిలకమ్మ, రెండు మోకాళ్ళూ దగ్గరికి చేర్చుకుని, పైటకొంగు పిడికిట్లో బిగించి. సన్యాసిరాజు గొంతు సవరించుకున్నాడు.

అప్పుడు దొడ్డి లోపల్నుంచి పాట మొదలైంది.

మాంచి హుషారైన సినిమా పాట, డప్పులతో సహా. అందరి ఫోన్లూ గుర్తుపెట్టుకుని ఏరిన సన్యాసిరాజు, మగ్గులో ఉన్న తన ఫోను మరిచిపోయాడు.

అర్జునరావుగారు మర్యాదస్థుడు. ఒకడుగు వెనక్కి వేసి, “లోపల ఎవరో ఉన్నట్టున్నారు. రానీయండి, తొందర లేదు” అన్నాడు.

పాట రెండో చరణానికి వచ్చింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని తలుపు చూశాడు.

“లోపల మనిషి ఉంటే, బయట తాళం ఎందుకు వేశారు?”

సన్యాసిరాజు మొలతాడు ముడి విప్పడానికి ఆ పాట అయిపోయేంత సేపు పట్టింది. తలుపు తెరుచుకుంది. ఎర్ర మగ్గులో ఫోను నిలబడి ఉంది, దాని తోక గోడలోకి పోయింది. పైన పట్టపగలు దీపం.

“పాయింట్లు ఎట్టమన్నారు కదా సార్! మేడమే రాసేరు, దొడ్డికి రెండు పాయింట్లు అని. లైటొకటి, ప్లగ్గొకటి” అన్నాడు సన్యాసిరాజు. వెనక నుంచి దొరబాబు, “కరెక్టుగా రెండే బాబూ, ఎక్కువ ఎట్నేదు” అని సాక్ష్యం చెప్పాడు.

అర్జునరావుగారికి రెండు నిమిషాలకి గాని సంగతి ఎక్కలేదు. ఎక్కాక టోపీ తీసి, ఇటుకల గుట్ట మీద కూర్చుని, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. నీలిమా నవ్వేసింది. మేస్త్రీలు నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో తెలియని గంగాలమ్మ అందరికంటే పెద్దగా నవ్వింది. నవ్వులో అంతా తేలిపోతుందని సన్యాసిరాజుకి ధైర్యం వచ్చింది. తానూ నవ్వాడు. చిలకమ్మ ఒక్కర్తే నవ్వలేదు. ఆ క్షణాన నవ్వడం ఆమెకి మంచిది కాదు.

“సరే సరే, పాయింట్ల సంగతి అలా ఉంచండి. గది బాగా కట్టారు. ఎంతమంది వాడుతున్నారు?” అని పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ అడిగాడు.

“ఇరవైరెండు మంది సార్. పది రోజులుగా. రిజిస్టరులో రాసేను.”

“దీని నీళ్ళ గొట్టానికి వేరే మీటరు కూడా పెట్టించాం సార్, వాడకం తెలియాలని” అంది నీలిమ, ఒక మంచి మాటైనా పడుతుందని.

అర్జునరావుగారు గోడ పక్కన వంగి, మీటరు అద్దం మీది దుమ్ము బొటనవేలితో తుడిచాడు. చూశాడు. మళ్ళీ తుడిచాడు.

“ముప్పై లీటర్లు.”

“చూశారా సార్!” సన్యాసిరాజు చాతీ విరుచుకున్నాడు. “నీళ్ళు పొదుపు సెయ్యాలని మేడం చెప్పేరు. చుక్క వృథా అవనివ్వలేదు.”

పెద్దాయన నిలబడ్డాడు. ఆయన మొహంలో నవ్వు లేదు.

“ఇరవైరెండు మంది. పది రోజులు. ముప్పై లీటర్లు” అని నెమ్మదిగా అన్నాడు. నీలిమ ఫైలు మూసేసింది. ఆయన ఆడవాళ్ళ వరస వైపు తిరిగాడు. “నువ్వు చెప్పమ్మా. ఇంత తక్కువ నీళ్ళతో ఎలా సరిపెట్టుకుంటున్నారు?”

సన్యాసిరాజు కళ్ళు పెద్దవి చేసి చిలకమ్మని చూశాడు. పెదాలతో చప్పుడు లేకుండా అందించాడు, ‘అందరం రోజూ’.

చిలకమ్మ నోరు తెరిచింది. నిన్నంతా వల్లించిన ముక్కలు నాలుక మీదే ఉన్నాయి. నీడపట్టున పని నాలుక మీదే ఉంది. కాని మాట బయటికి రావాలంటే పొత్తికడుపు కదలాలి. ఆమె నోరు మూసేసింది. మోకాళ్ళు విడదీయకుండా, చిన్న చిన్న అడుగులేస్తూ, పెద్దాయన్ని దాటింది, సన్యాసిరాజుని దాటింది. దొడ్డిలోకి వెళ్ళి, ప్లగ్గు పీకి, ఫోను తెచ్చి సన్యాసిరాజు అరచేతిలో పెట్టింది. మళ్ళీ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. లోపల గెడ పడిన చప్పుడు అందరికీ వినపడింది.

కాసేపటికి గోడ పక్కన మీటరులో ముల్లు వణికి, తిరగడం మొదలెట్టింది. అర్జునరావుగారు దాన్నే చూస్తున్నాడు. నీలిమా చూస్తోంది. గంగాలమ్మ వరసలోంచి ఒకడుగు ముందుకేసి తలుపు పక్కన నిలబడింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు వచ్చి నిలబడ్డారు.

సన్యాసిరాజు తలుపు మీద వేళ్ళతో కొట్టాడు.

“సిలకమ్మా! పెద్దాయన అడుగుతున్నారు. జవాబు సెప్పకుండా ఎల్లిపోతావేటే? అందరూ రోజూ వాడతన్నారా నేదా? సెప్పు!”

లోపల మగ్గు నీళ్ళలో మునిగింది. నీళ్ళు పలకల మీద పడి జారాయి. మళ్ళీ మునిగింది.

“పది దినాలకి ఇదే మొదలు. రాసుకోమనండి.”